స్కోపు అద్దంలో రెండు జడలు

నిరుడు జూలైలో ఒక బుధవారం, మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలైంది. అమలాపురంలో మా ఇంటి ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒక పాత సైనిక రైఫిల్ ఫొటోను పెద్దది చేసి చూస్తున్నాను. నాకు కావలసింది రైఫిల్ మీద స్కోపును, అంటే గురిచూసే దుర్భిణిని, పట్టి ఉంచే ఇనుప ఉంగరం. దాని మీద ఉండాల్సిన ఒక చిన్న అంకె. ఆ అంకె కోసం ఫొటోను అటూ ఇటూ జరుపుతూ స్కోపు ముందు అద్దం మీదికి వెళ్లాను. అద్దంలో గోరంత గుమ్మం ఒకటి కనిపించింది. గుమ్మం నిండా ఎండ, ఎండ మధ్యలో నల్లటి ఆకారం. ఇంకా పెద్దది చేశాను. రెండు జడలు, పైకెత్తిన రెండు మోచేతులు. ఫోన్ పట్టుకుని ఫొటో తీస్తున్న చిన్నపిల్ల.

అది రైఫిల్‌కి ముందు నుంచి తీసిన ఫొటో. అంటే గొట్టానికి ఎదురుగా నిలబడి తీసింది. అలా తీసి పంపమని అడిగింది నేనే.

అసలు తుపాకులతో నాకేం పని అని ఎవరైనా అడుగుతారు. మా వీధిలోవాళ్లయితే ఇప్పటికీ నమ్మరు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. మా నాన్నగారికి మండపేటలో లేతు షాపు ఉండేది. రైసుమిల్లుల షాఫ్టులు, బుష్‌లు అరిగిపోతే ఆయన దగ్గరికి తెచ్చేవారు. బడి నుంచి వచ్చాక నేను అక్కడే కూర్చునేదాన్ని. ఏ ముక్క పోతపోసిందో, ఏది చెక్కిందో, ఏది నిన్న చేసి మొన్నటిదని చెబుతున్నారో మా నాన్నగారు వేలితో తడిమి చెప్పేవారు. పిల్లలు పుట్టాక బయటి ఉద్యోగం కుదరలేదు. మావారు ఖతార్‌లో ఉంటారు. హైదరాబాదులో ఒక చిన్న ఆఫీసు ఉంది. మ్యూజియాలకూ పాత కుటుంబాలకూ చెందిన పనిముట్లు, ఆయుధాలు ఏ కాలానివో, అసలువో కావో చూసి కాగితం రాసిస్తారు. అందులో ఇంటి నుంచి చేసే పని దొరికింది. మొదట భూమి కొలిచే పరికరాలు ఇచ్చారు, తర్వాత దుర్భిణులు, ఆ తర్వాత ఎవరూ ఒప్పుకోని పని ఒకటి మిగిలి నాకొచ్చింది. పాత స్నైపర్ రైఫిళ్ల మీద స్కోపు మౌంట్లను గుర్తుపట్టడం.

మౌంట్ అంటే కళ్లజోడుకి ఫ్రేము లాంటిది. దూరంగా ఉన్నది చూపించేది స్కోపే. కానీ దాన్ని రైఫిల్ మీద వెంట్రుకవాసి కదలకుండా పట్టి ఉంచేది మౌంట్. మామూలు సైనిక రైఫిళ్లు లక్షల్లో తయారయ్యాయి. వాటిలో బాగా గురి కుదిరినవి ఏరి, మౌంట్ బిగించి స్నైపర్లకు ఇచ్చేవారు. అందుకని ఒక రైఫిల్ నిజంగా స్నైపర్ రైఫిలా, లేక మామూలు రైఫిల్‌కి ఎవరో తర్వాత స్కోపు తగిలించారా అన్నది తేల్చాలంటే స్కోపును చూస్తే చాలదు. మౌంట్‌ను చూడాలి. పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్ల రకంలో ఒకదానికి ఎడమ పక్క రెండు ఇనుప దిమ్మలు ఉంటాయి. వాటికి ఒక బ్రాకెట్, రెండు పెద్ద మరలు. మరల అంచున చేతికి జారకుండా గళ్లు చెక్కి ఉంటాయి. రైఫిల్ మీది నంబరునే బ్రాకెట్ మీదా కొట్టేవారు, ఒకదానిది ఇంకొకదానికి వెళ్లకూడదని. ఆ అంకెలు కొట్టినప్పుడు లోహం అంచులు కొంచెం పైకి లేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అంచులు అరిగి నునుపవుతాయి. నిన్నగాక మొన్న కొట్టిన అంకె అయితే అంచు ఇంకా గరుకుగా మెరుస్తుంటుంది. మా నాన్నగారి వేలు చేసిన పని నా కళ్లు ఫొటోలో చేయాలి.

నేను సహజంగా భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా లేదా అని రెండుసార్లు లేచి చూస్తాను. పిల్లలు మెట్లు దిగుతుంటే వాళ్లకంటే ముందు నా గుండె దిగుతుంది. “నీ బీటెక్కులో భయం కూడా ఒక సబ్జెక్టేమిటే?” అంటారు మా అత్తయ్యగారు. అలాంటిదాన్ని ఆ బుధవారం ఎలా మరిచిపోయానన్నదే ఇక్కడ రాస్తున్నది. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. రాసి పెట్టుకుంటే నాకే మంచిదనిపించింది.

రైఫిల్ రాజోలు అవతల ఒక ఊళ్లో, శ్రీనివాస్ గారని కొబ్బరి వ్యాపారం చేసే ఆయన ఇంట్లో ఉంది. వాళ్ల తాతగారి పేరున పాత లైసెన్సు. ఆ తాతగారు పోయి అప్పటికి నాలుగు నెలలు. పోలీసులకు తెలియజేశారు, కాగితాలు నడుస్తున్నాయి. ఒక మ్యూజియం వాళ్లు, అది నిజమైన స్నైపర్ రైఫిల్ అయితే తీసుకుంటామన్నారు. కాకపోతే ప్రభుత్వానికి అప్పగించాలి. అప్పగిస్తే ముక్కలు చేస్తారని ఎవరో చెప్పగా శ్రీనివాస్ గారు బెంగపెట్టుకున్నారు. మా ఆఫీసులో నా పై అధికారి రఘురామ్ గారు, మీ ప్రాంతమే కదా, మీరే మాట్లాడండని ఆ కేసు నాకు ఇచ్చారు.

సోమవారం మొదటిసారి ఫోన్ చేశాను. శ్రీనివాస్ గారు ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. పక్కనే వాళ్ల మామ్మగారు, అంటే ఆ పోయిన తాతగారి భార్య, ఉన్నారు.

“చెప్పండి మేడమ్ గారూ. మా తాతగారిదండి, అసలుదేనండి. చిన్నప్పట్నించీ చూస్తన్నాం కదండీ.”

“చూద్దామండీ. ఫొటోలు ఎలా తియ్యాలో చెబుతాను. దానికి ముందు ఒక మాట అడగాలి.”

“ఆయ్.”

మా ఆఫీసులో ఒక చెక్‌లిస్టు ఉంది, ఇంగ్లీషులో. అందులో మొట్టమొదటి ప్రశ్నే ఆయుధం ఖాళీగా ఉందా అని. బోల్ట్ తెరిపించి, అంటే రైఫిల్ వెనక తలుపు గడియలా ఉండే భాగాన్ని వెనక్కి లాగించి, లోపల ఏముందో చూసి చెప్పమనాలి. అది కాకుండా రెండో ప్రశ్నకు వెళ్లకూడదు.

నేను నోరు తెరిచాను. అవతల భర్త పోయి నాలుగు నెలలైన పెద్దావిడ వింటున్నారు. మన ఇళ్లల్లో ఖాళీ అన్న మాట ఎవరూ తేలిగ్గా అనరు. బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. పొరుగింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. ఆ ఇంట్లో ఆవిడ వింటుండగా “ఖాళీయేనా?” అనడానికి నాకు నోరు రాలేదు. మర్యాదగా తిప్పి అడిగాను.

“తూటాలు నిండుకున్నాయా అండీ?”

“మామ్మా, తూటాలు ఉన్నాయేంటే?” అన్నారాయన.

“ఎక్కడియ్యి? ఎప్పుడో నిండుకున్నాయి” అన్నారు మామ్మగారు.

“ఆయ్. నిండుకున్నాయటండి” అన్నారు శ్రీనివాస్ గారు నాతో.

నేను చెక్‌లిస్టులో మొదటి గడిలో టిక్కు పెట్టి రెండో ప్రశ్నకు వెళ్లాను. తూటాలు నిండుకున్నాయంటే వాటిని ఉంచే పెట్టెలో లేవని. రైఫిల్‌లో లేదని కాదు. నేను రైఫిల్ సంగతి అడగనే లేదు. అప్పుడు ఆ తేడా నా చెవికి తగల్లేదు.

బుధవారం పొద్దున్నుంచి వాన. బడులకు సెలవిచ్చారు. మా ఇద్దరు పిల్లలూ లోపలి గదిలో మంచమెక్కి దుప్పట్లతో గుడారం కట్టుకున్నారు. వాన వెలిశాక రెండున్నరకు శ్రీనివాస్ గారి నుంచి ఫొటోలు రావడం మొదలైంది. ఎడమ పక్కది, కుడి పక్కది, పై నుంచి తీసింది. నేను చెప్పినట్టే బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద రైఫిల్ పెట్టారు. కొలత తెలియడానికి పక్కనే పది రూపాయల బిళ్ల ఉంచారు. ఎడమ పక్క ఫొటోలో బ్రాకెట్ మీది నంబరు స్పష్టంగా ఉంది. రైఫిల్ మీది నంబరుతో అక్షరం అక్షరం సరిపోయింది. అంకెల అంచులు నునుపుగా అరిగి ఉన్నాయి. దిమ్మల మరలు ఎవరూ విప్పిన జాడ లేదు. నా పని నిజానికి అక్కడితో అయిపోయింది. ఇది అసలైనదే అని రాయడానికి అది చాలు.

కానీ నాకు ముచ్చటేసింది. అంత చక్కగా, అన్నీ కుదిరిన మౌంట్ నా చేతికి రావడం అదే మొదలు. స్కోపును పట్టుకునే ముందు ఉంగరం మీద కూడా, అది దేనికి జతో చెప్పే చిన్న అంకె ఒకటి ఉంటుంది. అదీ దొరికితే నా రిపోర్టు ఇంకా అందంగా ఉంటుందనుకున్నాను. “ముందు వైపు నుంచి కూడా ఒకటి పంపండి, ఉంగరం కనిపించేలా” అని మెసేజ్ పెట్టాను.

పది నిమిషాల్లో ఫొటో వచ్చింది. అందులోనే ఆ రెండు జడలు.

ఒక్క క్షణం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తూటాలు లేవు కదా, ఫరవాలేదు, అయినా పిల్లను అలా నిలబెట్టకూడదని చెబుదాం అనుకుంటూ, అలవాటు కొద్దీ ముందు వచ్చిన ఎడమ పక్క ఫొటోను మళ్లీ తెరిచాను. ఇందాక దాన్ని పావుగంట సేపు చూశాను, కానీ బ్రాకెట్ వరకే. ఈసారి వెనక్కి జరిపి బోల్ట్ చివర చూశాను. అక్కడ కాకింగ్ పీస్ అని ఒక ముక్క ఉంటుంది. రైఫిల్ పేలడానికి సిద్ధంగా లేనప్పుడు అది లోపలికి ఒదిగి ఉంటుంది. సిద్ధంగా ఉన్నప్పుడు వేలి మందాన వెనక్కి వచ్చి నిలబడుతుంది. ఆ ఫొటోలో అది వెనక్కి వచ్చి ఉంది. పక్కనున్న సేఫ్టీ మీట, ట్రిగ్గర్‌కి అడ్డుపడవలసినది, ముందుకు తోసి ఉంది. అంటే అడ్డులేదు.

మళ్లీ ముందు ఫొటోకి వచ్చాను. రైఫిల్ వెనక, మసకగా, ఒక మగచెయ్యి దాన్ని బల్ల మీద పక్కకి ఒరగకుండా పట్టుకుని ఉంది. వేలు ఎక్కడుందో కనిపించలేదు.

అప్పుడే ఇంకో మెసేజ్ వచ్చింది. “కదిలిందండి. మా పాపచేత ఇంకోటి క్లియర్‌గా తీయిస్తన్నాను.”

వెంటనే ఫోన్ చేశాను. రెండో రింగుకి ఎత్తారు.

“హలో అండి.” సన్నటి గొంతు. అప్పుడు తెలిసింది, ఫొటో తీస్తున్న ఫోన్ అదే కదా, పిల్ల చేతిలోనే మోగుతుంది.

“ఎవరమ్మా?”

“లాస్యనండి. మీరు ఫొటోల ఆంటీ కదండీ. నాన్న తుపాకీ పట్టుకున్నాడు. ఇమ్మంటారా అండి?”

ఇవ్వమంటే రైఫిల్ పక్కనుంచే నడిచి వెళ్లాలి. తండ్రి ఫోన్ అందుకోవాలంటే ఒక చెయ్యి తీయాలి. ఏ చెయ్యి తీస్తాడో, ఏ వేలు కదుపుతాడో.

“వద్దమ్మా. నీ వెనకాల గుమ్మం ఉంది కదా?”

“ఉందండి.”

“వెనక్కి తిరిగి గుమ్మం దాటి బయటికి వెళ్లు. నాతో మాట్లాడుతూనే వెళ్లు. మామ్మ ఎక్కడుంది?”

“దొడ్లో కొబ్బరీనెలు చీరుతోందండి.”

“పక్క సందులోంచి మామ్మ దగ్గరికి పరిగెత్తు. ఎంత గట్టిగా పరిగెడతావో నేను ఫోన్లో వింటాను.”

“ఓ!” అంది. తర్వాత కాలి పట్టీల చప్పుడు. వెనకాల తండ్రి గొంతు, “ఏయ్, ఎక్కడికే? ఫొటో?” అని వినిపించి దూరమైపోయింది. నేను ఆ పట్టీల చప్పుడు లెక్కపెడుతున్నాను. మా లోపలి గదిలో మా పిల్లలు గుడారం నాదంటే నాదని అరుచుకుంటున్నారు. ఒక చెవిలో ఆ పిల్ల, ఇంకో చెవిలో నా పిల్లలు. 

“ఎవరూ?” అన్నారు మామ్మగారు ఫోన్ అందుకుని.

“నేనండి మామ్మగారూ, అమలాపురం నుంచి, తుపాకీ ఫొటోల గురించి.”

“ఆ ఆ, చెప్పమ్మా. భోంచేసేవా?”

జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

“మామ్మగారూ, తుపాకీలో తూటా ఉందా?”

“మొన్న చెప్పేను కదమ్మా, నిండుకున్నాయని.”

“పెట్టెలో సంగతి కాదండీ. తుపాకీలో. తుపాకీ లోపల.”

“దాంట్లోనా? ఆఖరిదొకటి దాంట్లో ఎక్కించి ఉంచేరు కదా ఆయన. ఒట్టి తుపాకీ ఇంట్లో ఉండకూడదనేవారు. అందుకే కదా పెట్టెలో నిండుకున్నాయి.” ఎంతో మామూలుగా చెప్పారు. ఎదురింటికి పంపిన కూర సంగతి చెప్పినట్టు.

“ఆ మాట శ్రీనివాస్ గారికి తెలుసా అండీ?”

“ఏమో. మగాళ్ల వస్తువు. నన్నెవరడిగేరమ్మా?”

అడగవలసింది నేను.

“మామ్మగారూ, పాపని అక్కడే కూర్చోబెట్టండి. మీరు లోపలికి వెళ్లండి, దాని ముందు వైపుకి కాదు, వెనక గుమ్మంలోంచి. కేకలు వేయొద్దు. శ్రీనివాస్ గారిని మెల్లగా చెయ్యి తీసేయమనండి. తుపాకీని దుప్పటి మీద అలాగే వదిలేసి, ఇంకేమీ ముట్టుకోకుండా బయటికి వచ్చి గది మూసేయమనండి.”

పెద్దావిడ ఒక్క ప్రశ్న వేయలేదు. ఫోన్ చేత్తో పట్టుకునే నడిచారు. ఈనెల మీద అడుగు పడిన చప్పుడు, గడప, ఆ తర్వాత ఆవిడ గొంతు, పసిపిల్లని జోకొడుతున్నట్టు మెత్తగా.

“ఒరే శీనూ. మెల్లిగా చెయ్యి తియ్యరా నాయనా. కంగారు పడకు. మీ తాతయ్య అందులో ఒకటి ఉంచేరు.”

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు గొళ్లెం పడిన చప్పుడు. ఇంకాసేపటికి శ్రీనివాస్ గారు ఫోన్ అందుకున్నారు.

“మేడమ్ గారూ.”

“చెప్పండి.”

“అది పక్కకి ఒరిగిపోతంటే గట్టిగా పట్టుకున్నానండి. వేలు ట్రిగ్గర్ మీదే పెట్టుకుని పట్టుకున్నానండి.”

మా ఆఫీసుకి చెప్పి మళ్లీ చేస్తానన్నాను.

రఘురామ్ గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. పోలీసు స్టేషన్‌కి తెలియజేయమన్నారు. తెలిసిన మనిషి వచ్చేదాకా ఎవరూ ఆ గదిలోకి వెళ్లకూడదన్నారు. శ్రీనివాస్ గారు స్టేషన్‌కి చెప్పి, అల్లవరంలో ఉండే ఏసుదాసు గారిని కూడా పిలిచారు. ఆయన రిటైరైన హవల్దారు, తాతగారికి పాత స్నేహితుడు. గంట లోపల స్కూటర్ మీద వచ్చారు. ఆయన వెనకాలే స్టేషన్ నుంచి కానిస్టేబుల్. ఇంట్లోవాళ్లందరినీ రోడ్డు మీదికి పంపి, గొట్టం ఎదుట ఇసుక బస్తాలు పేర్పించి, ఏసుదాసు గారు బోల్ట్ తెరిచారు. తర్వాత ఆయనే నాకు ఫోన్ చేశారు.

“వచ్చిందమ్మా. ఒకటే. పచ్చగా పాకుడు పట్టినట్టుంది.”

“పేలేదంటారా అండీ?”

“దానికి ఇంకా ఓపికుందో లేదో దేవుడికే తెలియాలి. అలాంటివాటికి మనం పరీక్ష పెట్టకూడదమ్మా.” మళ్లీ ఆయనే అన్నారు, “మావోడు గురికాడే గానీ మతిమరుపోడు. ఎన్నిసార్లు చెప్పేనో, ఒట్టి తుపాకీ అరిష్టం కాదురా, ఒట్టిదనుకున్న తుపాకీ అరిష్టమని.”

కానిస్టేబుల్ తూటాను కాగితంలో చుట్టి రాయించుకుని తీసుకెళ్లారు. రైఫిల్‌ను కూడా స్టేషన్‌లోనే ఉంచారు. 

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. మౌంట్ అసలైనది, రైఫిల్‌తో జత కలిసినది, విప్పి బిగించిన జాడ లేదు. ముందు ఉంగరం మీది అంకె గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ ఫొటోను మళ్లీ తెరవలేదు. రిపోర్టు కింద ఇంకో పేజీ జతచేసి, మొదటి ప్రశ్నను నేను అడగవలసినట్టు అడగలేదని, మర్యాద కోసం మార్చి అడిగానని, టిక్కు మాత్రం పెట్టానని రాశాను. పంపేముందు చాలాసేపు ఆలోచించాను. ఉద్యోగం పోతుందేమోనని కూడా అనిపించింది.

రఘురామ్ గారు చదివి ఫోన్ చేశారు. “మీరు ఖాళీయేనా అని ఉన్నదున్నట్టు అడిగినా, ఆయన ఆయ్ అనేవారు కదండీ?” అన్నారు.

ఆలోచిస్తే నిజమే. మా వైపు ఆయ్ అంటే అవునని కాదు, వింటున్నాను, మీరు చెప్పింది కాదనను అని. అంత మంచి మాట ఇంకోటి లేదు. కానీ అందులో చూశాను అన్న అర్థం లేదు.

“అయితే ప్రశ్నే మార్చాలండీ” అన్నాను. “అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న వేయకూడదు. బోల్ట్ తెరవగలరా, తెలిసినవారున్నారా అని అడగాలి. తెలిసినవారు తెరిచి లోపల ఏం కనిపించిందో వాళ్ల నోటితో చెప్పాలి. ఫొటో పంపాలి. ఫొటో ఎవరు తీస్తున్నారు, ఎక్కడ నిలబడ్డారు అని కూడా అడగాలి.”

“తెలుగులో రాసి పంపండి” అన్నారు. ఇప్పుడు మా చెక్‌లిస్టులో ఆ ప్రశ్నలన్నీ తెలుగులో నేను రాసినవే. వాటిలో అండీ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. రాస్తుంటే చెయ్యి ఆగింది గానీ వేయలేదు.

రైఫిల్ మ్యూజియం వాళ్లకు చేరింది. శ్రీనివాస్ గారు సంతోషంగా ఫోన్ చేసి, కొబ్బరికాయలు పంపిస్తానన్నారు. వెనకాల లాస్య “ఫొటోల ఆంటీకి నేను ఎంత స్పీడుగా పరిగెత్తేనో చెప్పమను” అంటోంది.

ఇన్నేళ్లలో ఎన్ని మౌంట్లు చూశానో లెక్కలేదు. నకిలీ అంకెల గరుకుదనం, అసలు అంకెల నునుపు కంటికి తెలిసిపోతాయి. ఈ కేసు నేర్పింది మాత్రం మౌంట్ గురించి కాదు. వెతుకుతున్న దాన్ని ఎంత శ్రద్ధగా చూస్తామో, దాని పక్కనున్నది అంత శ్రద్ధగా చూడం. ఎడమ పక్క ఫొటోలో కాకింగ్ పీస్ నా కళ్లెదుటే పావుగంట సేపు ఉంది. భయస్తురాలినన్న పేరు ఉండి కూడా, పని ముచ్చటలో పడి భయం మరిచిపోయాను. భయపడవలసిన చోట మర్యాదకు పోయాను.

ఆ బుధవారానికి మర్నాడు, వాన తగ్గి బడులు తెరిచారు. పిల్లల క్యారేజీలు కడుతున్నాను. మా పాపకి ఆరేళ్లు, బాబుకి నాలుగు. అత్తయ్యగారు బియ్యం డబ్బా మూత తీసి చూసి, “బియ్యం నిండుకున్నాయే” అన్నారు. గరిటె పక్కన పెట్టాను.

పాపని పిలిచాను. “నాన్నమ్మ ఏమంది?”

“బియ్యం నిండుకున్నాయంది.”

“అంటే?”

“డబ్బా నిండా ఉన్నాయని” అన్నాడు బాబు.

“కాదు, అయిపోయాయని. నీకేం తెలీదు” అంది పాప.

డబ్బా తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాను. “వంగి చూడండి. చూసి చెప్పండి.”

“అడుగున నాలుగు గింజలున్నాయి” అన్నాడు బాబు.

“అదీ. అలా చెప్పాలి. బియ్యానికి నాన్నమ్మ మాటే అందాం, అది మంచి మాట. కానీ నేను గ్యాస్ కట్టేశారా అంటే, గేటు వేశారా అంటే, అవతల బండి వస్తోందా అంటే, ఊరికే ఊ అనకూడదు. వెళ్లి చూసి, ఏం కనిపించిందో చెప్పాలి. తెలిసిందా?”

“ఆయ్” అన్నారు ఇద్దరూ, అచ్చం నాన్నమ్మలాగ.

అత్తయ్యగారు ఫక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, పాప రిబ్బన్లు సరిచేసే నెపంతో కిందికి వంగి, ఇంకో మాట కూడా చెప్పాను.

“ఎవరైనా మిమ్మల్ని ఫలానా చోట నిలబడమంటే, ముందు మీ ఎదురుగా ఏముందో చూసుకోండి. అదేంటో తెలియకపోతే నిలబడొద్దు. ఎందుకని అడగండి. పెద్దవాళ్లు చెప్పినా సరే. అమ్మ చెప్పినా సరే.”